సముద్రపు లెక్కలను దిద్దు కొలతలు

వాన కబురు మాఱినపుడెల్ల మన గ్రామములలో నొక పరిహాసము వినవచ్చుచుండును. "నిన్న నొకటి చెప్పిరి, నేడు మఱియొకటి చెప్పుచున్నారు, రేపేమి చెప్పుదురో! ఇంతకన్న మన పంచాంగమే నయము. అది ఉగాదినాడు చెప్పిన మాటను ఏడాది పొడవునను మార్చదు" అని రైతు సోదరులు పలువురు సంఘము అరుగుమీద కూర్చుండి యనుకొనుట మేమెఱుగుదుము. మాట వినుటకు వేడుకగానే యున్నది. కాని యీ వేడుకకు మూల్యము చెల్లించువాడు రైతే గాని, కబురు పంపినవాడు గాడు. తుపాను దారి మాఱినదని సాయంకాలము వచ్చిన హెచ్చరికను ఉదయపు హెచ్చరికతో పోల్చి నవ్వి యూరకున్నవాని కుప్పలు తడియును. అందుచేత నీ విషయమున మా యభిప్రాయమును దాపఱికము లేక చెప్పుచున్నాము. కొలతను బట్టి మాఱిన కబురు, మాఱని కబురుకన్న నమ్మదగినది. ఆ మార్పు ఎక్కడనుండి వచ్చుచున్నదో, దానిని తెచ్చు పనిముట్లు నేడు ఏ స్థితిలో నున్నవో తెలిసికొనుట సంఘసభ్యులకు అవసరము.

మన చేలపై కురియు వాన మన యూరి యాకాశములో పుట్టినది కాదు. వేల మైళ్ల దూరమున సముద్రపు నీరు ఎక్కడ వేడిగా నున్నది, ఎక్కడ చల్లగా నున్నది యనుదానిని బట్టి నైరుతి ఋతుపవనము బలపడుటయో సన్నగిల్లుటయో జరుగును. ఈ పాఠము మన పెద్దలకు కఱవు నేర్పినది. ధాత సంవత్సరపు కఱవు, అనగా 1876 మొదలు 1878 వఱకు దక్షిణ దేశమును దహించిన కఱవు, ముగిసిన పిమ్మట వానను ముందుగా చెప్పవలసిన భారము 1875లో నేర్పడిన వాతావరణ శాఖపై పడెను. 1886లో బ్లాన్‌ఫర్డు దొరగారు హిమాలయపు మంచును బట్టి మొదటి ఋతు సూచనను వెలువరించిరి. 1904 మొదలు 1924 వఱకు ఆ శాఖకు అధిపతిగా నుండిన గిల్బర్టు వాకరు గారు, పసిఫిక్ మహాసముద్రముపై గాలి యొత్తిడి హెచ్చినపుడు హిందూ మహాసముద్రముపై తగ్గుననియు, అక్కడ తగ్గినపుడు ఇక్కడ హెచ్చుననియు కనిపెట్టిరి. ఆ తక్కెడ ముల్లు సముద్రపు నీటి వేడితో ముడివడి యున్నదని తరువాతి వారు గ్రహించిరి.

తూర్పు పసిఫిక్ నీరు వేడెక్కుటను ఎల్ నినో యందురు. అట్టి సంవత్సరములైన 2002లో 19 శాతమును, 2009లో 22 శాతమును మన దేశమున వాన తగ్గెను. అయినను 1997లో మిక్కిలి బలమైన ఎల్ నినో వచ్చియు వానలు సరిపడ కురిసినవి. ఆ యేడు హిందూ మహాసముద్రము పడమటి వైపున వేడెక్కి తూర్పు వైపున చల్లబడుట దానికి గల కారణములలో నొకటి. ఈ రెండవ తక్కెడను శాస్త్రజ్ఞులు గుర్తించి పేరు పెట్టినది 1999లో మాత్రమే. కావున ఒక సముద్రమును చూచి యూరకున్న చాలదు. పైనీటిని మాత్రము చూచినను చాలదు. లోతున దాగియున్న వేడి నేడు కాకున్నను రెండు మూడు నెలలకు పైకి వచ్చి గాలిని త్రిప్పగలదు.

అంతటి జలరాశి స్థితిని తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు కంప్యూటరు నమూనాలను వాడుదురు. నమూనా యనగా బొమ్మ కాదు, లెక్క. సముద్రమును పొలము గట్లవలె గడులుగా విభజింతురు. అడ్డముగానే కాక లోతునకు కూడ పొరలుపొరలుగా విభజింతురు. గడి వెడల్పు కొన్నింట 10 కిలోమీటర్ల లోపు, భూమండలమంతటికి వేయు లెక్కలలో తఱచుగా 25 గాని 50 గాని కిలోమీటర్లు. ఒక్కొక్క గడిలోని నీటి వేడి, ఉప్పదనము, ప్రవాహము ఈ గంటకు ఇంత యున్నచో రాబోవు గంటకు ఎంత యగునో ప్రకృతి సూత్రముల ననుసరించి యంత్రము లెక్కవేయుచు పోవును. కాలువలో వదలిన నీరు ఏ మడికి ఎప్పుడు చేరునో అనుభవముగల నీరుకట్టువాడు మనస్సులో వేసికొను లెక్కయే యిది. గడులు మాత్రము లక్షల కొలది.

ఈ లెక్క తప్పుట సహజము. మొదట పెట్టిన అంకెలో లోపమున్నచో అది వడ్డీవలె పెరుగును. గడికన్న చిన్నవైన సుడులను లెక్క చూడలేదు, వానిని అంచనాతో పూడ్చవలయును. పైనుండి వీచు గాలిని కూడ మఱియొక లెక్కనుండియే తెచ్చుకొనవలయును. వీనికి తోడు మన బంగాళాఖాతమున కొక ప్రత్యేకమైన చిక్కు గలదు. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, గోదావరి, కృష్ణ, యివి యన్నియు వానకాలమున నీ యఖాతములోనే తమ నీటిని గ్రుమ్మరించును. 1986 ఆగష్టు వరదలో ధవళేశ్వరము వద్ద సెకనుకు 35 లక్షల ఘనపుటడుగులకు పైగా నీరు దాటినది. ఆ మంచినీరు తేలిక గనుక ఉప్పునీటితో వెంటనే కలియక పైన పలుచని దుప్పటివలె పఱచుకొనును. ఆ దుప్పటి యున్నంతకాలము ఎండవేడి పైపొరలలోనే నిలుచును. తుపాను గాలి ఎంత చిలికినను క్రింది చల్లని నీరు సులభముగా పైకి రాదు. చల్లని నీరు పైకి వచ్చిన తుపాను నీరసించును. రానిచో బలము నిలుపుకొనును, ఒకప్పుడు పెంచుకొనును కూడ. 1977 నవంబరు 19న దివిసీమను, 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును చూచినవారికి తుపాను బలమనగా నేమో మేము చెప్పనక్కఱలేదు. ఏ నది ఎంత నీరు ఎప్పుడు తెచ్చినదో లెక్కలో తప్పుగా వేసికొన్న నమూనాకు ఈ దుప్పటి మందము తప్పును, దానితో తుపాను బలమును తప్పును.

మఱి యీ తప్పును దిద్దుట యెట్లు? మన గ్రామములలో చిరకాలముగా నెఱిగిన పద్ధతితో పోల్చి చెప్పెదము. పంట నిలిచియుండగా గ్రామాధికారి గట్టుమీద నిలువబడి ఇన్ని అణాల పంటయని ఆనవారీ వ్రాయును. అది కంటి యంచనా. ఆ తరువాత చేనిలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల తావును గుర్తించి, కోసి, నూర్చి, తూచుదురు. అది పంటకోత ప్రయోగము, అనగా కొలత. గట్టుమీది యంచనా ఎకరమునకు 30 బస్తాలు, కోత చెప్పినది 24 బస్తాలు అయినచో నిజమైన దెంత? అంచనాను పూర్తిగా త్రోసివేయరాదు, ఏలయన అది చేనంతటిని చూచినది. కోతను గ్రుడ్డిగా నమ్మరాదు, ఏలయన అది చేనిలో నొక మూలను మాత్రమే చూచినది. ఎవని మాట ఎంతవఱకు తప్పవచ్చునో తెలిసియున్నచో రెంటికిని తగిన బరువునిచ్చి నడిమి సంఖ్యను పట్టవచ్చును.

సముద్రమునందును జరుగునది యిదియే. ఒక గడిలో నీటి వేడి 29 డిగ్రీలని నమూనా చెప్పినది, దాని మాట ఒక డిగ్రీ వఱకు తప్పవచ్చును. అక్కడి యంత్రము 28 డిగ్రీలని కొలిచినది. యంత్రములోని ఉష్ణమాపకము డిగ్రీలో వేయవ వంతుల వఱకు సరియైనదే, కాని యది యొక్క తావున నుండి 25 కిలోమీటర్ల గడికంతటికి సాక్ష్యము చెప్పుచున్నది గనుక దాని సాక్ష్యము అర డిగ్రీ వఱకు తప్పవచ్చునని యనుకొందము. తప్పు సగమైనపుడు నమ్మకము రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. ఇది గణితశాస్త్రపు ధర్మము. కావున నమూనాకు ఒక పాలు, కొలతకు నాలుగు పాళ్లు. 29ని ఒకసారియు, 28ని నాలుగుసార్లును కూడి 5చే భాగించిన 28.2 వచ్చును. నమూనా ఇకమీద 28.2 నుండి లెక్క సాగించును. ఆ వెంటనే రేపటి కబురు మాఱును. మన పరిహాసమునకు గుఱియైన మార్పు ఇదియే. దీనిలో మాయ యేమియు లేదు, పలకమీద వేసి చూచుకొనదగిన లెక్క. ఇట్లు కాలక్రమమున కొలతలతో లెక్కను దిద్దు మార్గమును 1960లో కాల్మన్ అను గణితజ్ఞుడు చక్కగా సూత్రీకరించెను. నేటి పద్ధతులలో పెక్కు దాని సంతతివే.

ఈ పద్ధతిలో మాకు మిక్కిలి నచ్చిన భాగ మింకొకటి గలదు. ఒక తావున తీసిన కొలత ఆ తావునే కాక చుట్టుప్రక్కల గడులను కూడ దిద్దును. ఎంత దూరము వఱకు, ఏ దిక్కునకు అనునదియే నేర్పు. నల్లరేగడి చేనిలో కోసిన పంటకోత ప్రక్కనున్న నల్లరేగడి చేలను గూర్చి చాల చెప్పును, గట్టు కావల నున్న ఎఱ్ఱచెలకను గూర్చి ఏమియు చెప్పదు. దూరము కొద్దియే యైనను నేల వేఱు. అట్లే సముద్రమున ఒకే ప్రవాహములో నున్న గడులు దూరముగా నున్నను చుట్టములే. ప్రవాహపు టంచున కావల నున్నవి ప్రక్కనే యున్నను పరాయివి. ఏవి చుట్టములో తెలియుటకు నమూనాను ఒక్కసారి కాక, మొదటి అంకెలను కొంచెము కొంచెము మార్చి పెక్కుసారులు నడిపి చూతురు. అన్నిసారులును ఏవేవి కలిసి హెచ్చి కలిసి తగ్గునో అవి చుట్టములు. అన్ని లెక్కలును దగ్గఱగా వచ్చినచోట నమ్మకము హెచ్చు, చెదరిపోయినచోట తక్కువ. హైదరాబాదునందు 1999లో స్థాపింపబడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రమువారు హిందూ మహాసముద్రమునకు ఈ విధమైన దిద్దుబాటు పద్ధతిని నడుపుచున్నారు. అట్లు దిద్దిన సముద్ర స్థితియే ఋతుపవన సూచనకు మొదటి అంకెగా పనికివచ్చును. సముద్రములేని హైదరాబాదులో సముద్రమును లెక్కించుట వింతగా తోచవచ్చును గాని, కొలతలు ఉపగ్రహము ద్వారా వచ్చుచుండగా గణకులు ఎక్కడ కూర్చుండిన నేమి?

కొలతలు తెచ్చు పనిముట్లను గూర్చి కొంత తెలిసికొనుట మంచిది. ఆర్గో అను తేలియాడు యంత్రములు నిలువెత్తు గొట్టములు. ఇవి 1,000 మీటర్ల లోతున తొమ్మిది దినములు ప్రవాహముతో కొట్టుకొనిపోయి, పిమ్మట 2,000 మీటర్ల వఱకు దిగి, అచ్చటనుండి పైకి వచ్చుచు దారి పొడవునను నీటి వేడిని, ఉప్పదనమును కొలిచి, పైకి తేలి ఉపగ్రహమునకు చెప్పి, మఱల మునుగును. పది దినముల కొకసారి యీ పని జరుగును. పెక్కు దేశములు కలిసి ప్రపంచమంతటను ఇట్టివానిని నాలుగు వేలకు కొంచెము తక్కువగా నడుపుచున్నవి. ఒక విధముగా నిదియు నొక సహకార సంఘమే. ఎవరు వదలిన యంత్రమైనను కొలత అందఱిదియు. ఇవిగాక లంగరు వేసి నిలిపిన బోయాలు ఒక్క తావుననే యుండి గంటగంటకు గాలిని, నీటిని కొలుచును. ఉపగ్రహములు సముద్రపు ఎత్తును కొన్ని సెంటీమీటర్ల తేడాతో చూడగలవు. మన దేశమును ఫ్రాన్సును కలిసి చేసిన సరళ్ ఉపగ్రహమును 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోటనుండి ఎగురవేసినది ఈ పనికే. నీరు వేడెక్కిన ఉబ్బును గనుక ఎత్తును బట్టి లోపలి వేడిని ఊహింపవచ్చును.

ఉపగ్రహమే యుండగా నీళ్లలో నీ బోయా లెందులకని కొందఱు అడుగుదురు. ఉపగ్రహపు చూపు సముద్రపు చర్మమును దాటదు. లోపలి వేడి ఏ పొరలో ఎంత యున్నదో, మంచినీటి దుప్పటి ఎంత మందమో నీటిలో దిగినవాడే చెప్పవలయును.

అయితే కొలతలు మాత్రము ఎల్లప్పుడును నిజమే చెప్పునా? చెప్పవు. 2003 మొదలు 2005 వఱకు సముద్రము చల్లబడినదని 2006లో ప్రకటింపబడెను. మఱుసటి యేట చూడగా, కొన్ని ఆర్గో యంత్రములు తాము ఎంత లోతున నున్నవో తప్పుగా చెప్పుచుండుట బయటపడెను. కావున కొలతను లెక్కతో సరిపోల్చి, అతిగా తేడా వచ్చినదానిని అనుమానించుట పద్ధతిలో భాగమే. కాని ఆ యనుమానము మితిమీరిన ఏమగునో 1982 చెప్పినది. ఆ వసంతమున మెక్సికోలోని ఎల్ చిచోన్ అగ్నిపర్వతము బ్రద్దలై ఆకాశమున పొగమంచు నింపగా ఉపగ్రహమునకు సముద్రము ఉన్నదానికన్న చల్లగా కనబడెను. అదే కాలమున పసిఫిక్ సముద్రములో ఓడలవారు కొలిచి పంపిన అంకెలు, నీరు అసాధారణముగా వేడెక్కినదని చెప్పుచుండెను. కంప్యూటరు వానిలో పెక్కింటిని, వాడుకకు మించి హెచ్చుగా నున్నవని త్రోసివేసెను. నిజము చెప్పిన సాక్షిని అబద్ధీకుడని బయటికి పంపినట్లయ్యెను! ఆ శతాబ్దపు మిక్కిలి బలమైన ఎల్ నినోలలో నొకటి వచ్చి కూర్చుండినను దానిని గుర్తించుటకు నెలలు పట్టెను. ఆ యేడు మన దేశమునందును వాన కొఱతపడెను. ఆ దెబ్బ తిన్న పిమ్మటనే పసిఫిక్ మధ్యరేఖ వెంబడి బోయాల వరుసను నిలుపు పని వేగిరపడి, 1994 నాటికి పూర్తియయ్యెను.

ఇంకొక సంగతి. ఒకే గడిని ప్రతి పది దినములకును ఒకే దిక్కునకు దిద్దవలసి వచ్చుచున్నచో, దిద్దుబాటుతో సంతృప్తి పడరాదు. తూచినపుడెల్ల రెండు కిలోలు కలుపవలసిన కాటాను మనము కలుపుచునే వాడుదుమా, విప్పి బాగుచేయింతుమా? మంచి శాస్త్రజ్ఞులు దిద్దుబాట్ల పట్టీని చదివి నమూనాలోని రోగమును కనిపెట్టుదురు. నదుల నీటిని తప్పుగా వేసినదో, చిలుకుడును తక్కువగా వేసినదో ఆ పట్టీయే చెప్పును. కొలత లేనిదే ఆ పట్టీయే లేదు.

ఇక మా ఫిర్యాదు. మొదటిది, కబురు గ్రామమునకు చేరు దారిలో దాని తోక తెగిపోవుచున్నది. 2024 ఏప్రిలులో వాతావరణ శాఖవారు నైరుతి ఋతుపవన వర్షము సగటులో 106 శాతమనియు, 5 శాతము హెచ్చుతగ్గులు ఉండవచ్చుననియు ప్రకటించిరి. మే నెలాఖరున ఆ హెచ్చుతగ్గులను 4 శాతమునకు కుదించిరి. తుదకు కురిసినది 108 శాతము. చెప్పిన హద్దులలోనే కురిసినది. కాని పత్రికలలోను, ఊరి చావడిలోను 106 అను అంకె యొక్కటే వినబడెను. ఆ హెచ్చుతగ్గుల మాటయే రైతునకు కావలసినది. ఏప్రిలు హద్దులకన్న మే హద్దులు దగ్గఱగా నుండుట చూచినవాడు, కబురు మాఱుట యనగా దగ్గఱపడుట యని గ్రహించియుండును. దేశమంతటి సగటు తన మండలమునకు వర్తించునని కూడ ఎవరును అనుకొనరాదు. దానికి జిల్లాల వారీ సూచన వేఱుగా గలదు.

రెండవది పెద్దది. యంత్రములు కొనుటకు ఉన్న యుత్సాహము వానికి మేత పెట్టుటకు లేదు. 2024 సెప్టెంబరులో పుణెలోను నోయిడాలోను 850 కోట్ల రూపాయల విలువగల గొప్ప కంప్యూటర్లను వాతావరణపు లెక్కలకై ప్రారంభించిరి. సంతోషమే. చిన్న గడులతో లెక్కవేయగలరు. కాని ఎంత గొప్ప మిల్లైనను వడ్లు పోయనిదే బియ్యము రాల్చదు. పసిఫిక్ బోయాల సంగతి చూడుడు. 2012లో వానిని మరమ్మతు చేయు ఓడను విరమింపజేయగా, 2014 ఆరంభమునకు ఆ వరుస నుండి రావలసిన కొలతలలో సగము కూడ రాకపోయెను. ధనవంతమైన దేశమే అట్లు చేసినది. 2020లో మహమ్మారి వచ్చినపుడు ఓడలు కదలక పెక్కు బోయాలు మరమ్మతు లేక మూగవోయెను. కంప్యూటరును ప్రారంభించునాడు పూలదండలు పడును. బోయాకు అంటిన నాచును గోకుటకు ఓడ ఎక్కినవాని పేరు ఎవరికిని తెలియదు. అందుచేతనే ఆ ఖర్చు మొదట తెగును.

మన సముద్రములోని బోయాలకు మఱియొక గండము గలదు. బోయా నీడన చేపలు గుమిగూడును. అందుచేత పడవలవారు అక్కడ చేరుదురు. కొందఱు పడవను దానికే కట్టుదురు. వల చిక్కుకొనిన త్రాడు కోయుదురు. పైనున్న సామానును విప్పి తీసికొనిపోవుటయు గలదు. మేము మత్స్యకారులను నిందింపగోరము. చిక్కిన వల వారికి నెలల కష్టము, ఆ పసుపు పచ్చని డబ్బా ఎందులకో వారికి చెప్పినవారు తక్కువ. చేపలు దొరకు తావులను దినదినము తీరమునకు తెలుపు హైదరాబాదు కేంద్రమే, ఆ బోయా కొలతలను కూడ వాడుకొనుచున్నదని తెలిసిన తరువాత వారిలో పెక్కుమంది దానిని తమ పడవవలెనే చూచుకొందురని మా నమ్మకము. ఈ మాట పోలీసు నోటినుండి కన్న సంఘము నోటినుండి వినబడిన మేలు. తీరమున మత్స్యకార సహకార సంఘములున్నవి, లోనాట మన సంఘములున్నవి. వారి తుపానే మన తుపాను.

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున మూడు తీర్మానములు చేయవలెనని సభ్యులను కోరుచున్నాము. జిల్లా సంఘము ద్వారా తీరపు మత్స్యకార సంఘములకు బోయాలను గూర్చి స్నేహపూర్వకముగా నొక లేఖ వ్రాయుట యొకటి. కంప్యూటర్లకు కేటాయించిన సొమ్ముతో పాటు ఓడలకు, బోయాలకు, ఆర్గో యంత్రములకు ఏటేట ఎంత వెచ్చించుచున్నారో విడిగా చూపవలెనని పార్లమెంటు సభ్యునకు మహజరు పంపుట రెండవది. మూడవది మన చేతిలోనిదే. వాన కబురు వచ్చినపుడెల్ల దానిని హెచ్చుతగ్గులతో సహా, వెలువడిన తేదీతో సహా సంఘము బోర్డుమీద వ్రాయించుట. ఎరువుల ధరలు వ్రాయు ఆ బోర్డున, యూరియా పంక్తి క్రింద, ఇంకను రెండు పంక్తులకు చోటున్నది.